మీకు బిడ్డలెంతమంది?

హైదరాబాద్,
18 జూలై 2011

చిన్నమ్మకు మంజుల రాస్తున్నది.

కవరు బరువు చూసి కంగారుపడకు. లోపల నూట యాభై ఫారాలున్నాయి. ఒక్కొక్కటి తొమ్మిది పేజీలు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగం విని మిగతా సగం తిడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నాలుగేళ్ళుగా తిరిగితే నా పీహెచ్‌డీ అంశం ఇప్పటికి ఖాయమైంది. "బీడీ కార్మికుల బిడ్డల చదువు." కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలో ఊరికి యాభై ఇళ్ళు తిరగాలి. ఆ ఇళ్ళలోకి నేను పోయి ప్రశ్నలు వేస్తే బీడీల చాట మీంచి తల ఎత్తి ఎవరు చెబుతారు? నువ్వయితే ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నదానివి, పైగా పదో తరగతి పాసైనదానివి. మా గైడు సారుకు నీ పేరే చెప్పాను. "క్షేత్ర పరిశోధకురాలు" అని నీ ఫోటోతో కార్డు కూడా చేయించాను. మెడలో వేసుకో, నవ్వకు.

ఒక్క షరతు. ప్రశ్న ఎట్లా అచ్చయిందో అట్లాగే చదవాలి. ఒక్క మాట కూడా మార్చొద్దు, విడమరిచి చెప్పొద్దు. అడిగినదానికి వచ్చిన జవాబే రాయాలి. మన సొంత మాటలు కలిస్తే పరిశోధన చెడిపోతుందని సారు పదిసార్లు చెప్పారు. పోయిన నెల సెమినార్‌లో నేను నోరు జారి "వచ్చిండు" అన్నాను. గదంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. అప్పటి నుంచి ఒక్కొక్క మాటా చూసుకుని మాట్లాడుతున్నాను. నీ దగ్గర కూడా పొరపాటు రాకూడదు.

ఊర్మిల ఎట్లా ఉంది? తమ్ముడు సతీశ్ మస్కట్ నుంచి ఫోన్ చేస్తున్నాడా? ఇద్దరినీ అడిగానని చెప్పు.

నీ మంజుల


కోరుట్ల,
21 ఆగస్టు 2011

మంజులకు చిన్నమ్మ దీవెనలు, వాటితోపాటు నాలుగు తిట్లు కూడా.

ఈ ఫారం తయారు చేసినవాళ్ళెవరో ఒక్క రోజు నా పక్కన కూర్చుని వెయ్యి బీడీలు చుట్టమను. తర్వాత తొమ్మిది పేజీల సంగతి చూద్దాం. "మీ నివాస గృహ స్వభావం ఏమిటి?" అని చదివాను మన గోడ పక్క మొగిలవ్వ దగ్గర. ఆమె బీడీ ఆకు కత్తిరించడం ఆపి ఆలోచించింది. "మా ఇల్లు స్వభావం మంచిదేనే, ఎవల మీద కోపానికి రాదు" అన్నది. విడమరిచి చెప్పొద్దన్నావు కదా. అదే రాశాను. మీ సారును చదువుకోమను.

మొదట అలవాటు కావడానికి నా ఫారం నేనే నింపుకున్నాను. తర్వాత సిరిసిల్ల పోయి వారం రోజులున్నాను. యాభై ఇళ్ళూ అయిపోయాయి. అక్కడ మగవాళ్ళు సాంచెల మీద బట్ట నేస్తారు, ఆడవాళ్ళు చాటల మీద బీడీలు చుడతారు. కార్డు మెడలో చూసి మొదట రేషన్ కార్డులు తీసేయడానికి వచ్చానని తలుపులు వేసుకున్నారు. నేను కూడా కూర్చుని వాళ్ళ ఆకు నాలుగు కట్టలు చుట్టాక నోరు విప్పారు.

నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం ఎవరూ తడుముకోలేదు. "మీకు బిడ్డలెంతమంది? పేరు, వయసు, చదువు." ఒకావిడ చెబుతూ చెబుతూ ఏడ్చింది. "ఐదో తరగతిల మానిపిచ్చిన అక్కా. చిన్న చేతులు, దారం జల్ది కడ్తదని మానిపిచ్చిన. ఇప్పుడు నా మొకం జూడది" అన్నది. నా ఇంట్లో జరిగిందీ అదే. బిడ్డల గురించి అడగాలని తోచింది నీకొక్కదానికే. అందుకని ఈ పని చేస్తున్నాను, కార్డు కోసం కాదు.

భోజనం సరిగా చేయి. పోయినసారి చూస్తే ఎముకలు లెక్కపెట్టేట్టున్నావు.

నీ చిన్నమ్మ


కోరుట్ల,
29 సెప్టెంబర్ 2011

మంజులా, నూట యాభైకి నూట యాభై. తీసుకో.

సకల జనుల సమ్మె మొదలైన దగ్గర నుంచి బస్సు చక్రం కదలలేదు, బడి గంట మోగలేదు. జగిత్యాల ఇళ్ళ కోసం మీ చిన్నాయన ఆటోలో నాలుగుసార్లు పోయి వచ్చాను. ప్రతి మైలుకూ ఎవరో ఒకరు ఆపడం, "జై తెలంగాణ" అనిపించుకుని వదలడం. నేను వాళ్ళకంటే గట్టిగా అన్నాను.

కోరుట్లలో ఇరవై రెండు ఇళ్ళు మిగిలాయి. ఎవరూ ఇంటి దగ్గర లేరు, అందరూ రోడ్డు మీద వంటావార్పులో ఉన్నారు. సరేనని నేనూ అక్కడికే పోయాను. ఒక పక్క పప్పు ఉడుకుతున్నది, ఒక పక్క నేను ప్రశ్నలు చదువుతున్నాను. ఒక్క రోజులో ఇరవై రెండు ఫారాలూ అయినాయి. వాన వస్తే పెద్ద గిన్నె మూత కింద దాచాను. కొన్నింటి మీద పప్పు మరకలుంటాయి, ఏమనుకోవద్దని సారుకు చెప్పు.

పోస్టు సంచులు ఎప్పుడు కదులుతాయో తెలియదు. అంబులెన్సు నడిపే మన దావీదు పేషెంటును తీసుకుని పట్నం వస్తున్నాడు. అతని చేతికిస్తున్నాను. జాగ్రత్తగా తీసుకో. అందులో మా వాళ్ళ వేలిముద్రలున్నాయి.

నువ్వు ర్యాలీల్లో తిరుగుతున్నావని విన్నాను. తిరుగు. టియర్ గ్యాస్ వదిలితే కళ్ళకు తడిగుడ్డ పెట్టుకో.

నీ చిన్నమ్మ


హైదరాబాద్,
3 నవంబర్ 2011

పద్మ చిన్నమ్మకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

సమ్మె రోజుల్లో హాస్టల్‌లో నీళ్ళు లేవు, కరెంటు లేదు. ఫారాలు సారు మనుషులే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నిన్న పట్టిక నా ముందు పెట్టారు. నూట యాభై ఇళ్ళు. రెండు వందల నలభై ఒక్క మంది పిల్లలు. అందులో మగపిల్లలు సున్నా. ఒక్కడంటే ఒక్కడు లేడు చిన్నమ్మా!

"మీ జిల్లాలో మగపిల్లలు పుట్టరా?" అని అడిగారు సారు, ఆరుగురి ముందు. నేను తల ఎత్తలేకపోయాను. తర్వాత ఒకే తేదీతో ఉన్న ఇరవై రెండు ఫారాలు తీసి చూపించారు. తొమ్మిది పేజీల ఫారం ఒక మనిషి ఒక రోజులో ఇరవై రెండు ఎట్లా నింపగలదు? మొగిలవ్వ ఇల్లు కోపానికి రాదని రాసిన పేజీ కూడా చదివి వినిపించారు.

ఎందుకు చేశావు? ఇళ్ళు తిరగడం కష్టమైతే నాకు చెబితే పోయేది కదా. ఆడపిల్లలని రాస్తే చదివేవాళ్ళకు జాలి పుడుతుందని పేర్లు కల్పించావా? నాకు సాయం చేస్తున్నాననే అనుకుని ఉంటావు. కానీ నా నాలుగేళ్ళు మట్టిలో కలిపావు.

క్షేత్ర పరిశోధకురాలు కల్పిత జవాబులు నింపిందని యూనివర్సిటీ కమిటీకి రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అట్లా ఇవ్వకపోతే నేనే నింపానంటారు. సారు ఇద్దరు మనుషులను విచారణకు పంపుతున్నారు. వాళ్ళ ముందు గొడవ చేయకు.

మంజుల


కోరుట్ల,
9 నవంబర్ 2011

మంజులకు పద్మ.

నీ ఉత్తరం కంటే ముందు నీ మనుషులు వచ్చారు. కారు తెచ్చి మొగిలవ్వ వాకిట్లో పెట్టారు. "మీకు మగపిల్లలున్నారా?" అని అడిగారు. "ఇద్దరున్నరు సారు" అన్నది. "మరి పద్మ ఎందుకు రాయలేదు?" అన్నారు. మొగిలవ్వ నా వైపు చూసింది. వాడకట్టంతా నా వైపు చూసింది. నా మెడలో కార్డు తీసుకుని పోయారు. అప్పటి నుంచి నేను కనబడితే మాటలు ఆపేస్తున్నారు. "మా ఏలిముద్రలు తీస్కపోయి ఏం జేసినవ్?" అని ఫారం మీద వేలిముద్ర వేసిన ఐలవ్వ జగిత్యాల నుంచి వచ్చి మరీ అడిగిపోయింది. కార్ఖానా వాళ్ళకు అమ్ముకున్నానని కూడా ఎవరో అన్నారట.

బడిలో ఉత్తరం ఎట్లా రాయాలో నేర్పినట్టే నీకు ఇన్నాళ్ళూ రాశాను. ఇప్పుడు నా నోటితోనే చెబుతాను. విను.

"ఏందే, మగపిల్లలు లేరా? నువ్వు అడిగిందేంది, నేను రాసిందేంది? బిడ్డలెందరని అడిగినవ్. బిడ్డల పేర్లు రాసిన. కొడుకులెందరని ఏ పేజీల అడిగినవ్, తీసి సూపియ్యి. మొగిలవ్వ కొడుకుల పేర్లు చెప్పబోతే నేనే అద్దన్న. ఎన్నడు జూసినా కొడుకుల ముచ్చటేనా, మా మంజుల బిడ్డల గురించి అడుగుతున్నది, గదొక్కటి చెప్పు అన్న. ఒక్క మాట మార్చద్దని చెప్పింది ఎవలు? మొదటి ఫారం నాదే. ఒక్కతే బిడ్డ, ఊర్మిల, ఏడో తరగతిల మానేసింది, బీడీలు చేస్తది అని రాసిన. మానిపిచ్చింది నేనే గద! మరి సతీశ్ గాడు నీకు యాదికి లేడా? వాడు మస్కట్ పోయిననాడు నన్ను పట్టుకొని ఏడ్చింది నువ్వు గాదా? నా కొడుకును నేనే మాయం జేసుకున్ననా?"

మన భాష, మన యాస అని ర్యాలీలో గొంతు చించుకున్నావట. అరిచి వచ్చి గదిలో కూర్చుని మన దగ్గర బిడ్డ అంటే కూతురని మరిచిపోయావా? కోరుట్లలో పుట్టినదానివి!

ఫోన్ చేయకు. నీ నంబరు కనబడితే కట్ చేస్తున్నాను.

పద్మ


హైదరాబాద్,
14 నవంబర్ 2011

చిన్నమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీద చదివాను.

పరుగెత్తి పోయి కట్ట విప్పించి మొదటి ఫారం తీశాను. నీ చేతిరాత. బిడ్డలు: ఒకరు. ఊర్మిల. నేను అప్పటిదాకా ఒక్క ఫారం కూడా తిప్పి చూడలేదు, పట్టికే చూశాను. నేను మొదట రాసిన ప్రశ్న "పిల్లలెంతమంది?" అనే. సారు కొట్టేసి "బిడ్డలు అంటే ఆత్మీయంగా ఉంటుంది" అన్నారు. మన మాట నాకు తెలియక కాదు చిన్నమ్మా. ఆ గదిలో వాళ్ళ అర్థమే అసలు అర్థం అనిపించింది. మన అర్థం ఒకటి ఉందని గుర్తే రాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సారు దగ్గరికి పోయి చెప్పాను. మొదట నవ్వారు. తర్వాత తలుపు వేశారు. ప్రశ్న తప్పని కమిటీకి తెలిస్తే తన పేరు పోతుందన్నారు. ఒక దారి చెప్పారు. ప్రశ్న నీకు అర్థం కాలేదని నువ్వు రాసిస్తే, కల్పించావనే మాట కొట్టేస్తారు. మళ్ళీ ఇళ్ళు తిరగడానికి నాకు ఆరు నెలలిస్తారు.

కాగితం టైపు చేయించి ఇందులో పెట్టాను. "నాలుగో ప్రశ్న నాకు అర్థం కాలేదు. అందువల్ల తప్పుగా నింపాను." రెండే వాక్యాలు. తప్పు నీది కాదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ కాగితాన్ని కోరుట్లలో ఎవరూ చూడరు. ఒక్క సంతకంతో నీకు ఏం పోతుంది చిన్నమ్మా? నాకు మాత్రం నాలుగేళ్ళు నిలుస్తాయి.

కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

మంజుల


కోరుట్ల,
20 నవంబర్ 2011

మంజులకు,

ఏం పోతుందని అడిగావు. చెబుతాను.

కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునేవాడొకడు ఉంటాడు. రోజూ నా కట్టల్లోంచి గుప్పెడు తీసి పక్కన పారేస్తాడు. "సరిగ్గ చుట్టలే" అంటాడు. సరిగ్గానే చుట్టానని నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఎదురు మాట్లాడితే రేపు మంచి ఆకు ఇవ్వడు. అందుకని తప్పు నాదే అన్నట్టు తల ఊపి ఇంటికి వస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఊపుతున్నాను. పొట్ట కోసం ఊపాను. ఇప్పుడు మీ సారు పేరు కోసం ఊపమంటున్నావు. అదీ నువ్వు అడుగుతున్నావు. నీకు ఆ కాగితం టైపు చేయించడానికి చేయి ఎట్లా వచ్చింది?

మొగిలవ్వను పిలిచి రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పడీపడీ నవ్వింది. "బిడ్డ అంటె కొడుకు గూడనా? గా ముచ్చట కొడుకులకు ఎర్కేనా?" అన్నది. కాసేపటికి నవ్వు పోయి కోపం వచ్చింది. "గంత సదువుకున్నోళ్ళకు అడగరాలేదు గాని, మనకు చెప్పరాలేదని మన మీద కేసు జేస్తరా?" అని లేచింది. ఇల్లిల్లూ తిరిగి నలభై మందిని నా వాకిట్లోకి తెచ్చింది.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. రెండు వాక్యాలూ కొట్టేశాను. కింద నా చేత్తో రాశాను: "నాలుగో ప్రశ్న నాకు బాగా అర్థమైంది. అడిగినవాళ్ళకే అర్థం కాలేదు." నా సంతకం ఉంది. దాని కింద నలభై మందివి ఉన్నాయి, సగం వేలిముద్రలు. దీన్ని కమిటీకి ఇస్తావో, చించి పారేస్తావో నీ ఇష్టం.

ఇచ్చావా, ఆ తర్వాత ఇటు రా. నూట యాభై గడపలెక్కి పద్మ అబద్ధం రాయలేదని నీ నోటితో చెప్పు. కొడుకుల లెక్క ఆ తర్వాత అడుగు. నేను నీ వెంట రాను.

పద్మ


జగిత్యాల,
30 డిసెంబర్ 2011

చిన్నమ్మకు మంజుల.

కాగితం కమిటీ ముందు పెట్టాను. చదివి వినిపించమన్నారు. చదివాను. ఎవరూ నవ్వలేదు. నీ మీద నేనిచ్చిన మాట తప్పని రాతపూర్వకంగా ఇచ్చి వెనక్కి తీసుకున్నాను. దాని నకలు ఇందులో ఉంది, కార్డు కూడా ఉంది. సారు ఇక నా గైడుగా ఉండనన్నారు. వేరే గైడు దొరికేదాకా నా పని ఆగినట్టే. ఒక ఏడాది పోతుంది. పోనీ.

పంతొమ్మిది రోజులుగా తిరుగుతున్నాను. ఇక్కడ నా స్నేహితురాలు రేణుక ఇంట్లో ఉంటున్నాను. ప్రతి గడపలోనూ నువ్వు చెప్పమన్నదే ముందు చెప్పాను. సిరిసిల్లలో ఒకావిడ "నువ్వు మన దిక్కుదానివేనా?" అని రెండుసార్లు అడిగి, నమ్మకం కుదరక మా అమ్మ పేరు కూడా అడిగింది. ఐలవ్వ మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా నిలబెట్టే మాట్లాడింది. "ముగ్గురు కొడుకులు. ఒగడు దుబాయ్, ఒగడు భీవండి, ఒగడు తాగుతడు. రాస్కో. గీ ముచ్చట ముందుగాలనే అడిగితే అయిపోవు గద" అన్నది. నేను రాసుకున్నాను.

కొడుకుల్లో చాలామంది పదో తరగతి దాటారు. వాళ్ళ అక్కచెల్లెళ్ళ చదువులు నీ ఫారాల్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి కొత్త పట్టిక గీస్తున్నాను. నీ ఫారాల్లో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. నీ పేరుతోనే వాడుకుంటాను, నువ్వు ఒప్పుకుంటే.

నిన్న మీ ఇంటికి వచ్చాను. ఊర్మిల నీళ్ళిచ్చింది. నువ్వు చాట మీంచి తల ఎత్తలేదు. గంటసేపు కూర్చున్నాను. నూట యాభై ఇళ్ళలో చెప్పాను, ఇప్పుడు నీకు చెబుతున్నాను. తప్పు నాదే. క్షమించు చిన్నమ్మా. ఇంకా ఏం చేయమంటావో చెప్పు.

మంజుల


కోరుట్ల,
5 జనవరి 2012

మంజులకు,

కార్డు అందింది. మొగిలవ్వ మళ్ళీ నా పక్కనే కూర్చుని చుడుతున్నది. ఐలవ్వ ఫోన్ చేసి, కోపంలో అన్నాను మనసులో పెట్టుకోకని చెప్పింది. నా మీద పడ్డ మాట పోయింది. ఫారాలు నా పేరుతో వాడుకో, నాకు అభ్యంతరం లేదు. ఊర్మిల పేరు మాత్రం దాన్ని అడిగి వాడుకో.

కానీ నా కోపం పోలేదు. ఎందుకో నీకు ఇంకా తెలియలేదని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది.

నూట యాభై గడపల్లో తప్పు ఒప్పుకున్నావు. నువ్వు ఒప్పుకున్నది బిడ్డ అనే మాట అర్థం మరిచిన తప్పు. పట్నంలో నలుగురి మధ్య ఉంటే మన మాట మరుపున పడుతుంది, మళ్ళీ గుర్తొస్తుంది. దానికి నేను ఇంత బాధపడను. ఆ పట్టిక నీ ముందు పెట్టిన రోజు నేను ఒక్క ఫోన్ దూరంలో ఉన్నాను. ఇదేమిటి చిన్నమ్మా అని ఒక్క మాట అడిగితే అప్పుడే తేలిపోయేది. అడగలేదు. ఇరవై రెండు ఫారాలు ఒక రోజులో ఎట్లా నింపానో నీకు ముందే రాశాను, పప్పు మరకలతో సహా. అది కూడా మరిచిపోయావు. మీ సారు చెల్లెలు ఇవే ఫారాలు నింపి పంపి ఉంటే, ఆమెను అడగకుండానే దొంగ అని మీ సారు సంతకం పెట్టేవాడా? నాకేమో నీ దగ్గర అనుమానానికి కూడా చోటు దొరకలేదు. నేరుగా సంతకమే.

బీడీలు చుట్టే చేయి కాబట్టి అబద్ధమే రాస్తుందనుకున్నావా? వాడకట్టు అన్నది, పడ్డాను. వాళ్ళకు నేనెవరో సగమే తెలుసు. నీకు పూర్తిగా తెలుసు.

ఇంకా ఏం చేయాలని అడిగావు కదా. నా దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది. దీనికి నువ్వు జవాబు రాయి. నాకు నచ్చేటట్టు రాస్తే ఇట్టే పట్టేస్తాను, సిగ్గయినా సరే నిజమే రాయి. అది వచ్చేదాకా మా ఇంటికి రాకు. ప్రశ్నను నా నోట్లో ఉన్నట్టే పెడుతున్నాను, అర్థం కాలేదనకు.

"నీ చిన్నమ్మ దొంగదని నువ్వెట్ల నమ్మినవే?"

పద్మ